బరువు తగ్గడం మధ్యలో ఆగిపోయిందా? అపోహలు - వాస్తవాలు

"మేడం, మొదటి నెల నాలుగు కేజీలు తగ్గా, తర్వాత నెల రెండు, ఇప్పుడు నెలన్నర నుంచి మెషిన్ ఎక్కితే అదే నంబర్. తిండీ అంతే, వాకింగూ అంతే, నా ఒళ్లు ఇంక తగ్గదేమో."

గుంటూరులో పన్నెండేళ్లుగా డైటీషియన్‌గా చేస్తున్నా, ఈ మాట వినని వారం లేదు. కొంతమందికి చెప్తూ చెప్తూనే కళ్లల్లో నీళ్లొచ్చేస్తాయి. దీన్ని మేం ప్లాటో అంటాం, బరువు తగ్గే ప్రతి ఒక్కరికీ దాదాపు వస్తుంది, మీరేదో తప్పు చేశారని కాదు. కానీ ఈ టైంలో నమ్మే మాటల వల్లే చాలామంది మొత్తం వదిలేస్తున్నారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: తక్కువ తింటే బాడీ స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్లి లాక్ అయిపోతుంది, ఇంక తగ్గదు.

వాస్తవం: 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి 24 వారాలు దాదాపు సగం తిండే పెట్టి చూశారు. వాళ్ల మెటబాలిజం, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చు చేసే వేగం, బాగా పడిపోయింది, ఒంట్లో చలి, నీరసం, పొద్దస్తమానం తిండి ధ్యాసే, అయినా బరువులో నాలుగో వంతు దాకా తగ్గిపోయారు. అంటే ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది గానీ తాళం వేసుకోదు. నేను ఇది చెప్పేది ఇంకా కడుపు మాడ్చుకోమని కాదు, ఆ కుర్రాళ్ల అవస్థే ఎందుకు మాడ్చుకోకూడదో చెప్తుంది.

అసలు జరిగేది ఏంటంటే, ఒక్కో కేజీ తగ్గినప్పుడు ఒళ్లు రోజూ ఖర్చు చేసేది సుమారు 20-30 కేలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం కేజీకి దాదాపు 100 కేలరీల చొప్పున పెరుగుతుంది. ఎనిమిది కేజీలు తగ్గినవాళ్లకి ఖర్చు ఓ 200 పడిపోయింది, ఆకలేమో ఇంకోవైపు లాగుతోంది. మొదట్లో సరిపోయిన డైట్ ఇప్పుడు సరిపోకపోవడానికి కారణం ఇదే, అప్పుడు మీరు 85 కేజీల మనిషి, ఇప్పుడు 77.

అపోహ: నేను తినేది ఏం మారలేదు.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సమస్య ఇక్కడే ఉంటుంది. 1992లో అమెరికా వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది, 1200 కేలరీల లోపే తింటున్నాం అయినా తగ్గట్లేదు అన్నవాళ్లని తీసుకుని నిజంగా కొలిస్తే, తిన్నది 47 శాతం తక్కువ చేసి, చేసిన కష్టం 51 శాతం ఎక్కువ చేసి చెప్పారని తేలింది. వాళ్లు అబద్ధం చెప్పలేదండీ, మనిషికి అంచనా అలాగే ఉంటుంది, నాకైనా అంతే.

మన వంటింట్లో ఈ లెక్క తప్పేది ముందు నూనె దగ్గర. మీ ఇంట్లో నలుగురికి నెలకి ఐదు లీటర్ల క్యాన్ అవుతోందనుకోండి, మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్లు దాటింది, అంటే దాదాపు 350 కేలరీలు, అదీ అన్నం కూరా లెక్కలోకి రాకముందే. ఆ తర్వాత ఇడ్లీలోకి కారప్పొడి, దాంట్లో నెయ్యి. వేరుశెనగ చట్నీ ఇంకో గరిటె, గుప్పెడు గుళ్లంటే 170 కేలరీలు. రోజుకి నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార, అదొక 160. పిల్లలు ప్లేట్లో వదిలేసింది పారేయలేక నోట్లో వేసుకునేది ఎవరూ నాకు రాసి ఇవ్వరు.

ఒకావిడ అన్నం కప్పుకి తగ్గించేశారు, అది నిజం. కానీ కడుపు నిండక ఆ కప్పు అన్నంలోనే కందిపొడి, నూనె కలిపి, ఆవకాయ వేసుకుని ముద్దలు తినేవారు. నేను అన్నం ముట్టుకోలేదు, తాలింపుకి చెంచా కొలత పెట్టించి, పొడి ముద్దల బదులు ఓ పెద్ద గిన్నెడు కూర, ఒక కోడిగుడ్డు చేర్చా. మూడు వారాలకి నంబర్ కదిలింది. నూనె క్యాన్ మీద ఓపెన్ చేసిన తేదీ మార్కర్‌తో రాసి పెట్టుకోండి, ఎన్ని రోజులకి అయిపోయిందో అదే చెప్తుంది.

అపోహ: సిరిధాన్యాలు ఎంత తిన్నా బరువు పెరగరు.

పెరుగుతారు. కొర్రలైనా సామలైనా వండకముందు వంద గ్రాములకి కేలరీలు ఇంచుమించు బియ్యంతో సమానం. పీచు ఎక్కువ కాబట్టి కడుపు తొందరగా నిండుతుంది, మంచివే, కొలిచి తినండి.

అపోహ: బరువు ఆగితే ఇంకో గంట వాకింగ్ పెంచితే చాలు.

వాస్తవం: 70 కేజీల మనిషి అరగంట బాగా నడిస్తే కరిగేది సుమారు 130 కేలరీలు. పైగా పొద్దున గంట నడిచామని మిగతా రోజంతా తెలీకుండానే కూర్చుండిపోతాం, మెట్లు మానేస్తాం, పిల్లాడితో నీళ్లు తెప్పించుకుంటాం. ఇలాంటి చిన్న కదలికలకి ఎంత బలం ఉందో 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు చూపించారు, 16 మందికి ఎనిమిది వారాలు రోజుకి వెయ్యి కేలరీలు ఎక్కువ పెడితే, తెలీకుండానే ఎక్కువ కదిలినవాళ్లకి కొవ్వు తక్కువ పెరిగింది, మనిషికీ మనిషికీ పది రెట్ల తేడా వచ్చింది. డైట్‌లో ఉన్నప్పుడు ఈ కదలికే ముందు తగ్గిపోతుంది. మీ ఫోన్‌లో మొదటి నెల స్టెప్స్, ఈ నెల స్టెప్స్ పక్కపక్కన పెట్టి చూడండి.

వాకింగ్ ఉంచండి, దానికి వారంలో రెండు మూడు రోజులు కండకి పని కలపండి. బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతామని ఆడవాళ్లు భయపడతారు, ఆడవాళ్ల హార్మోన్లతో అది అంత తేలిగ్గా జరిగే పని కాదు. ఉత్తి డైట్‌తో తగ్గితే తగ్గినదాంట్లో నాలుగో వంతు దాకా కండ పోవచ్చు, అది పోతే నీరసం, ఖర్చూ ఇంకా పడిపోతుంది. జిమ్ అక్కర్లేదు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్, చేతుల్లో రెండు నీళ్ల బాటిళ్లు, వీటితో మొదలుపెట్టి వారం వారం కాస్త పెంచండి. ప్రోటీన్ కేజీ బరువుకి ఒక గ్రాము పైనే ఉండేలా చూస్తా (కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడగకుండా వద్దు). పల్చటి పప్పు రెండు గరిటెలతో అది రాదు. గుడ్డుకి ఆరు గ్రాములు, 30 గ్రాముల మీల్ మేకర్‌కి 15, చికెనో చేపో పెరుగో పూటకి ఒకటి ఉండాలి.

అపోహ: మెషిన్ కదల్లేదంటే కొవ్వు కరగట్లేదు.

మొదటి నెల అంత తగ్గింది కొవ్వొక్కటే కాదు, ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (కండల్లో, లివర్లో దాచుకున్న పిండిపదార్థం) పోతే ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీరు పోతుంది. ఆ స్పీడ్‌తో ఇప్పటిది పోల్చుకుని కుమిలిపోతున్నారు. నిన్న పెళ్లి భోజనంలో ఉప్పు ఎక్కువైనా, పీరియడ్స్ ముందైనా, కొత్త ఎక్సర్‌సైజ్‌తో ఒళ్లు నొప్పులున్నా నీరు పట్టి కేజీ రెండు కేజీలు ఎక్కువ చూపిస్తుంది. వారం సగటు చూడండి, నడుము టేపుతో కొలవండి, మనవాళ్లకి ఆడవాళ్లయితే 80, మగవాళ్లయితే 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. నాలుగు వారాలు సగటు, నడుము రెండూ కదలకపోతేనే నేను ప్లాటో అంటా.

అపోహ: థైరాయిడ్ ఉంది కాబట్టి నాకు తగ్గదు.

మందు వేసుకుంటూ, థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే తగ్గుతుంది. థైరాయిడ్ తక్కువైతే పెరిగేది మామూలుగా కొద్ది కేజీలే, అందులోనూ ఎక్కువ ఉప్పూ నీరే. స్టెరాయిడ్స్, కొన్ని ఫిట్స్ మందులు, కొన్ని డిప్రెషన్ మందుల వల్ల బరువు పెరగడం నిజమే, అప్పుడు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి, సొంతంగా ఆపేయొద్దు.

నా పద్ధతి ఏంటంటే, ఏడు రోజులు తిన్నదంతా ఫోన్లో ఫొటో తీయిస్తా, అది చూశాక ఒక్కటే మారుస్తా, నూనో టీయో స్టెప్సో, మూడు వారాలు ఆగి చూస్తా. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. నెలల తరబడి డైట్‌లో ఉండి అలిసిపోయినవాళ్లని రెండు వారాలు తగ్గే ప్రయత్నం ఆపి ఉన్న బరువు నిలబెట్టుకోమంటా, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 80 కేజీల మనిషి ఐదారు కేజీలు తగ్గి ఆగినా బీపీ, షుగర్ మెరుగుపడతాయి.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఇది చదివి రేపట్నుంచి అన్నం సగం చేసేయకండి, షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు మీ డాక్టర్‌తో డోస్ సంగతి మాట్లాడి, తర్వాత ప్లేట్ మార్చండి.