సింపోజియం అంటే కలిసి తాగడం

ఇటలీలోని పేస్టమ్ దగ్గర 1968లో సుమారు 2,500 ఏళ్ల నాటి గ్రీకు సమాధి ఒకటి బయటపడింది. దాని లోపలి గోడ మీది బొమ్మలో ఒకడు మంచం మీద ఒరిగి, వెడల్పాటి వైను గిన్నె చెవిలో వేలు దూర్చి చెయ్యి చాచి ఉంటాడు. అడుగున మిగిలిన మడ్డిని విసిరి గురి కొట్టాలి. ఆ ఆట పేరు ‘కొట్టబోస్’. అది ఆడుకునే విందు పేరు సింపోజియం. అవును, ఈనాడు విశ్వవిద్యాలయాల బ్యానర్ల మీద కనిపించే సింపోజియమే!

గ్రీకులో ‘సున్’ అంటే కూడి, ‘పోసిస్’ అంటే తాగడం. ఈ ‘పో’ సంస్కృతంలోని ‘పా’ ధాతువుకు తోబుట్టువు. శ్రీరామనవమి పానకం ఆ ధాతువు నుంచి వచ్చిందే. లాటిన్ వైపు వెళ్లిన అదే మూలం ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషు చేరి ‘పాయిజన్’ అయి కూర్చుంది. పానకమూ విషమూ ఒకే ఇంటి పిల్లలన్నమాట.

ఏథెన్సులో భోజనాలు ముగిశాక మగవాళ్లు తమ గదిలో గోడల వెంట వేసిన మంచాల మీద ఎడమ మోచేయి ఆన్చి పడుకునేవారు. మధ్యలో ‘క్రాటర్’ అనే పెద్ద పాత్ర. అందులో వైనుకు నీళ్లు కలిపేవారు; కలపకుండా తాగేవాడు అనాగరికుడి కింద లెక్క. ఎన్ని నీళ్లు పోయాలో ఆ రాత్రికి ఎన్నుకున్న పెద్ద చెప్పేవాడు. ఇల్లాలికి ఆ గదిలో చోటు లేదు. వాద్యం ఊదే అమ్మాయిలను మాత్రం డబ్బిచ్చి పిలిపించుకునేవారు.

ఈ మాటకు పండితుల కళ తెచ్చినవాడు గ్రీకు తత్త్వవేత్త ప్లేటో. ఆయన రాసిన ‘సింపోజియం’ అనే పుస్తకంలో అతిథులకు ముందురోజు తాగినదే ఇంకా పూర్తిగా దిగలేదు. అందుకని ఇవాళ ఎవరినీ బలవంతపెట్టవద్దని, ప్రేమ గురించి తలా ఒక ప్రసంగం చేద్దామని అనుకుంటారు. వాద్యం ఊదే అమ్మాయిని పంపించేస్తారు.

సింపోజియానికి మనం వాడే ‘గోష్ఠి’ అనే మాట బయలుదేరింది ఆవుల దొడ్డి నుంచి. గోష్ఠం అంటే అదే. ఆవులు చేరే చోటు కాస్తా మనుషుల కూటమి అయింది. అమరకోశం ‘ఆపానం పానగోష్ఠికా’ అంటూ తాగేవారి కూటమికీ ఆ మాట తగిలించింది. అదే నిఘంటువులో ‘సపీతి’ అనే మాట కూడా ఉంది: ‘స’ అంటే కూడి, ‘పీతి’ అంటే తాగడం. సింపోజియానికి ఇంతకంటే అచ్చమైన అనువాదం దొరకదు. కానీ సాహిత్య సభల ఆహ్వానపత్రాల మీదికి ఎక్కింది గోష్ఠి ఒక్కటే.