బ్లూ రిడ్జ్ పార్క్‌వే: చూడ్డానికే వేసిన రోడ్డు

2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను దెబ్బకు అమెరికాలోని బ్లూ రిడ్జ్ పార్క్‌వే మొత్తం మూతపడింది. నార్త్ కరొలైనా వైపు కొండచరియలు విరిగిపడ్డాయి, కొన్నిచోట్ల రోడ్డు అంచులే జారిపోయాయి. సరుకు లారీలకు అనుమతి లేని, గంటకు 45 మైళ్లు దాటకూడని ఈ దారిని అంత ఖర్చుతో మళ్లీ ఎందుకు కట్టాలి? దీనికి జవాబు ఆ రోడ్డు పుట్టుకలోనే ఉంది.

మహా మాంద్యం రోజుల్లో, పనిలేని జనానికి పని చూపించడానికి 1935 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టారు. వర్జీనియాలోని షెనాండోవా, దక్షిణాన గ్రేట్ స్మోకీ పర్వతాల నేషనల్ పార్కులను కలపాలన్నది ఆలోచన. దారి తమవైపు రావాలని పక్క రాష్ట్రం టెనెసీ గట్టిగా పట్టుబట్టినా, చివరికి నార్త్ కరొలైనాకే దక్కింది. ఏ మలుపు దగ్గర ఏ లోయ కనబడాలో కూడా స్టాన్లీ అబ్బాట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ బృందం ముందే గీసుకుంది.

ఆ అందానికి స్థలం ఇచ్చింది మాత్రం కొండ రైతులు. రోడ్డు ఇరువైపులా వెడల్పుగా భూమి తీసుకున్నారు. పొలం పక్కనే వెళ్తున్న రోడ్డు మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీలు లేకుండా చేశారు. దారి పక్కనున్న పాత పిండిమర మేబ్రీ మిల్లు దగ్గర జరిగింది నాకు మరీ బాధనిపిస్తుంది. మిల్లు యజమానులు ఉన్న చెక్కపలకల ఇంటిని తీసేసి, పాతకాలపు కొండ బతుకులా కనబడాలని వేరేచోటి దుంగల ఇంటిని తెచ్చిపెట్టారు. చూసేవాళ్ల కోసం అక్కడ బతికినవాళ్ల గుర్తునే చెరిపేశారు.

అక్కడి ఆదివాసులైన చెరోకీలు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తమకున్న కాస్త చదును నేల సోకో లోయలోనే ఉందని ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి పార్క్‌వే కొండ శిఖరాల మీదికి జరిగింది, లోయకు మామూలు రోడ్డు వచ్చింది.

ఆఖరి ముక్క గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ దగ్గర ఆగిపోయింది. కొండను కోయడానికి దాని యజమాని హ్యూ మోర్టన్ ఒప్పుకోలేదు. అందుకే కొండవాలును తాకీ తాకనట్టు 1,243 అడుగుల లిన్ కోవ్ వంతెన కట్టారు. 153 కాంక్రీటు ముక్కల్లో తిన్నగా ఉన్నది ఒక్కటే. అలా 469 మైళ్ల దారి 1987లో పూర్తయింది.

మిగతాచోట్ల చాలావరకు కొండ పక్కను తొలిచే రోడ్డు వేశారు. పైనుంచి మట్టి పడినా, కింద అంచు జారినా దారి తెగుతుంది. మామూలు హైవే అయితే మరోవైపు మళ్లించొచ్చు. ఇక్కడ మలుపు మారితే, ఏ లోయ కోసం ఆ భూములు తీసుకున్నారో అదే కనబడదు.