వాన పడే చోట కరువు

విశాఖపట్నం ప్రాంతంలో ఏటా సగటున సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో పడేదానికి ఇది దాదాపు రెట్టింపు. అందుకే ఇక్కడి మెట్టరైతు కరువు అంటే బయటివాళ్లకు నమ్మబుద్ధి కాదు. కానీ ఇక్కడి కరువు ఏడాది మొత్తం లెక్కలో కనిపించదు, వానకూ వానకూ నడుమ వచ్చే బెట్టలో దాక్కుంటుంది. తొలకరి చూసి వేసిన విత్తనం మొలకెత్తాక ఇరవై రోజులు చినుకు రాలకపోతే మాడిపోతుంది. అక్టోబరులో వాయుగుండం పట్టి ఆ లోటంతా రెండు రోజుల్లో కురిస్తే లెక్క సరిపోతుంది, పంట మాత్రం తిరిగి రాదు. మాడుగుల, రావికమతం, రోలుగుంట వైపు గరువు అనే మెట్ట భూములను నమ్ముకున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లేదాకా ఆ పల్లెలన్నీ విశాఖ జిల్లావే.

మన దేశంలో రైతుకు సాగు నేర్పే ప్రభుత్వ వ్యవస్థ కరువులోంచే పుట్టింది. 1876-78 నాటి ధాత కరువు లక్షల ప్రాణాలు తీశాక, రాష్ట్రాలకు వ్యవసాయ శాఖలు కావాలని 1880 నాటి కరువు కమిషన్ సిఫారసు చేసింది. అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913లో మొదలై, చెరకుతో పేరు తెచ్చుకుంది. అప్పటి నుంచి పాఠం పైనుంచి కిందికే నడిచింది. 1970, 80లలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో వచ్చిన శిక్షణ, సందర్శన పద్ధతిలోనూ అంతే. అధికారి పక్షానికోసారి ఊరికి వచ్చి, ఎంపిక చేసిన రైతుకు చెబుతాడు, ఆయన మిగతావాళ్లకు చెప్పాలి. ఆ ఎంపిక ఎక్కువగా బావి, పలుకుబడి ఉన్నవాళ్లవైపే మొగ్గింది. గరువు మీద అరెకరం ఉన్న కుటుంబం దాకా ఆ మాట చేరడం అరుదు.

చేరిన పాఠమూ నీరున్న పొలం కోసం రాసిందే. బెట్టను తట్టుకునే చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలు, ఉలవలు కలిపి వేయడం ఇక్కడి పెద్దలకు ఎవరూ నేర్పలేదు, అది వాళ్ల చేతిలో ఉన్న విద్య. ఒకటి పోతే మరొకటి ఇంట్లోకి వచ్చేది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఎన్నో పొయ్యిలను వెలిగించింది, దాన్ని నేను తప్పుపట్టను. తప్పు మరోచోట ఉంది. వరికి దొరికిన ధర, కొనుగోలు, పరిశోధన చోళ్లకు దొరకలేదు. అంబలి తాగడం పేదరికపు గుర్తయింది. గింజతో పాటు విద్యా పోయింది. ఇప్పుడు శిక్షణ పేరుతో చెబుతున్నదాంట్లో చాలా భాగం అలా పోగొట్టుకున్నదే.

మార్పు ఊళ్ల నుంచి వచ్చింది. అమెరికాలో పరిశోధన పట్టా పొంది తిరిగి వచ్చిన బి.వి. పరమేశ్వరరావు దిమిలిలో పని మొదలుపెట్టి, 1976లో యలమంచిలి కేంద్రంగా భాగవతుల చారిటబుల్ ట్రస్టును నెలకొల్పారు. బంజరు భూముల్లో చెట్లు పెంచే పనిలో ఆ సంస్థ పల్లె మహిళలను ముందు నిలిపింది. తర్వాత పొలంబడులు వచ్చాయి. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. రైతులే గుంపుగా గట్టు మీద కూర్చుని పురుగులు లెక్కపెట్టి, మందు కావాలో వద్దో తేల్చుకుంటారు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందులు మానేశాక, 2004 నుంచి మహిళా సంఘాల ద్వారా ఆ బాట ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 2016 ప్రాంతంలో అదే రసాయనాలు వాడని ప్రకృతి సేద్యంగా మారి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ చేతికి వచ్చింది.

ఈ పద్ధతిలో మెట్టకు నిజంగా పనికొచ్చేది నవధాన్యాల పొడి విత్తు. వానలకు ముందే పప్పులు, చిరుధాన్యాలు, నూనెగింజలు, ఆకుకూరల విత్తనాలు కలిపి, బంకమట్టి, బూడిద, పేడతో చేసే ఘనజీవామృతం పట్టించి చల్లుతారు. ఆ పూత గింజను ఎండ, చీమల నుంచి కాచి, తగిన తడి తగిలేదాకా ఆపుతుంది. నేల ఖాళీగా ఎండకుండా పచ్చని కప్పు ఏర్పడుతుంది. వేర్లు దిగిన మట్టి వానను ఇంకించుకుంటుంది. తర్వాత వచ్చే బెట్టలో అదనంగా నిలిచే కొద్దిరోజుల తడే పంటను దక్కిస్తుంది. నేర్పేది కూడా జీపులో వచ్చే మనిషి కాదు, తన మడిలో చేసి చూసిన పక్క ఊరి ఆడమనిషి. తన చేలో ఏది ఎండిందో కూడా ఆమె దాచదు, అందుకే ఆమె మాట నిలుస్తుంది.

దిగుబడులపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఈ సేద్యంపై గట్టి సందేహాలే లేవనెత్తింది. 2024లో ఇదే కార్యక్రమానికి పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. పొలానికి పోసే జీవామృతం రెండు వందల లీటర్లకు పది కిలోల పేడ కావాలి, పశువు లేని ఇంట్లో అది ఎక్కడిది? మట్టి బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, కౌలు మాత్రం ఏడాదికే. 2019 చట్టం కౌలురైతుకు సాగు హక్కు కార్డు ఇస్తానన్నా, భూయజమాని సంతకం పెడితేనే అది చేతికొస్తుంది. వచ్చే ఏడాది ఎవరు దున్నుతారో తెలియని చేలో ఎరువు దిబ్బ వేయమని ఎవరికి చెప్పగలం?

నీటి సంగతీ ఉంది. దేవరాపల్లి మండలంలోని రైవాడ జలాశయం నీరు కాలువ వెంట విశాఖ నగరానికి వస్తుంది. అది తమ ఆయకట్టుకే చెందాలని అక్కడి రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. నగరంలో కుళాయి తిప్పే మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? బెట్టలో పొదుపు పాఠం ఆ పల్లెలకే చెబుతున్నాం. మన వైపు పొదుపు లెక్క ఇంకా మొదలే కాలేదు.