బాక్టీరియా చచ్చాక కూడా కిడ్నీ ఎందుకు పాడవుతుంది?

యాంటీబయాటిక్‌తో రక్తంలోని బాక్టీరియా చచ్చిపోయినా రోగి కిడ్నీలు, ఊపిరితిత్తులు ఎందుకు దెబ్బతింటాయని ఒక పాఠకురాలు అడిగారు.

గ్రామ్-నెగటివ్ అనే రకం బాక్టీరియా అయితే, చచ్చాక వాటి గోడ నుంచి ఊడిపడే ఎండోటాక్సిన్ అనే విషంతో వస్తుంది పెద్ద చిక్కు. కలరా క్రిములను వేడితో చంపినా వాటిలోని విషం చావలేదని 1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ గమనించాడు. ఆ విషం చేసే పని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అది కణాన్ని కోయదు, కరిగించదు. కోసే ఆయుధాన్ని మన కణమే ముందుగా తయారుచేసి పెట్టుకుంటుంది. అది గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్.

దాన్ని ఒరలోని కత్తి అనుకోండి. ప్రోటీన్ ముందు సగం కత్తి, వెనక సగం ఒర, మధ్యలో సన్నని లంకె. ఒర ఉన్నంతసేపు కత్తి అంచు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి కణం క్షేమం. ఎండోటాక్సిన్ కణం లోపలి ద్రవంలోకి (సైటోప్లాజం) చొరబడితే కాస్పేజ్-4, కాస్పేజ్-5 అనే ఎంజైములు దాన్ని నేరుగా పట్టుకుని, గుమిగూడి, చురుకవుతాయి. లంకెను 275వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం దగ్గర తెంపేస్తాయి. ఒర జారిపోతుంది. బయటపడ్డ కత్తులు కణపొర లోపలివైపు కొవ్వుల్లో (లిపిడ్లలో) దిగబడి, సుమారు ముప్పై కలిసి వలయం కట్టి, దాదాపు 20 నానోమీటర్ల రంధ్రం పొడుస్తాయి. పొటాషియం బయటికి పోతుంది, నీరు లోపలికి వస్తుంది, కణం ఉబ్బుతుంది. చివరికి నింజురిన్-1 అనే మరో ప్రోటీన్ పొరను చించేస్తుంది. ఈ తరహా కణమరణమే పైరాప్టోసిస్. కణమరణం అంటే అపాప్టోసిస్ (కణం తనంతట తాను పద్ధతిగా చావడం), నెక్రోసిస్ (దెబ్బతిని చావడం) రెండేనని పాఠం ముగించేస్తే పిల్లలకు ఈ అద్భుతం అందకుండా పోతుంది.

బాక్టీరియా దాగిన కణం ఒక్కటి ఇలా పగిలితే ఒంటికి మేలే, శత్రువుకు గూడు పోతుంది. కానీ ఎండోటాక్సిన్ రక్తమంతా పాకితే ఒకేసారి లెక్కలేనన్ని కత్తులు ఒర దాటుతాయి. రక్తనాళాల లోపలి కణాలు తెగుతాయి. పగిలిన మాక్రోఫేజ్‌ల (క్రిములను మింగే రక్షక కణాల) నుంచి టిష్యూ ఫ్యాక్టర్ అనే గడ్డకట్టించే ప్రోటీన్ వెలువడి నెత్తురు గడ్డకడుతుంది. సన్నని నాళాలు పూడుకుపోయి కిడ్నీకి ఆక్సిజన్ అందదు.

ఎలుకల్లో కాస్పేజ్-4, 5 ఎంజైముల పాత్ర కాస్పేజ్-11ది. అది లేని ఎలుకలు ప్రాణాంతకమైన ఎండోటాక్సిన్ మోతాదును తట్టుకున్నాయని 2011లో తేలింది. 2015లో గ్యాస్‌డెర్మిన్-డి లేని ఎలుకలూ అలాగే బతికాయి. మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ ఆ రంధ్రం ఏర్పడకుండా ఆపి ఎలుకలను కాపాడుతుందని 2020లో చూపించారు. మనుషుల్లో సెప్సిస్‌కు, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఇలా అవయవాలు దెబ్బతినే స్థితికి, అది ఇంకా చికిత్స కాలేదు.