ఒక్క నొప్పికి ఇన్ని గోలీలా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన మర్నాడు మా పిన్ని మలక్‌పేట ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద స్ట్రిప్పులన్నీ పరిచి, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. "డోలో జ్వరానికి కదరా వేసుకునేది, కోతకి అదేం చేస్తది?" అని నన్నడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. మనకి నొప్పి ఒక్కటే అనిపిస్తది గానీ అది మెదడుకి చేరేలోపు చాలా మజిలీలు దాటుతది. కోసిన చోట వాపుతో ప్రోస్టాగ్లాండిన్లు అనే కెమికల్స్ పుట్టి నరాల కొసల్ని రెచ్చగొడతాయి, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాటిని తగ్గిస్తాయి. డోలోలో ఉండేది పారాసిటమాల్, దాని పని ఎక్కువగా మెదడు, వెన్నుపాముల్లో. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు కూడా అక్కడే కానీ వేరే తాళం తీస్తాయి. ఇక ఆపరేషన్ థియేటర్‌లోనే ఛాతీ నరాల పక్కన మత్తుమందు ఎక్కిస్తే (బ్లాక్ అంటారు, అందులో పెక్స్ బ్లాక్ అనేదాన్ని 2011లో బ్లాంకో అనే డాక్టర్ వివరించాడు) కొన్ని గంటలపాటు సిగ్నలే ముందుకి పోదు.

మార్ఫిన్ ఒక్కదాన్నే పెంచుకుంటూ పోతే వాంతులు, మలబద్ధకం, మగతా కూడా పెరుగుతాయి, అదే నాలుగు రకాలుగా తలా కొంచెం అడ్డుకుంటే దాని డోసు తగ్గించుకోవచ్చు. 1993లో డెన్మార్క్ డాక్టర్లు కెలెట్, డాల్ గట్టిగా చెప్పింది ఇదే.

అయితే పేరు వేరైనంత మాత్రాన మందు వేరు కాదు, అసలు తిరకాసంతా ఇక్కడే. పిన్నికి రోజుకి నాలుగు డోలో 650లు రాశారు, అంటే 2600 మిల్లీగ్రాములు. మా బాబాయ్ తన నడుం నొప్పికి తెచ్చుకుని మిగిల్చిన గోలీలు "ఇవి స్ట్రాంగ్" అంటూ రెండేసి చొప్పున మూడు పూటలా వేద్దామన్నాడు. స్ట్రిప్పు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 అనుంది. ఆరు గోలీలంటే ఇంకో 1950, మొత్తం 4550. పెద్దవాళ్లకి రోజుకి 4000 దాటకూడదు, దాటితే లివర్‌కి దెబ్బ. ఒంటి బరువు తక్కువున్నా, లివర్ బాలేకున్నా హద్దు ఇంకా తక్కువే. బాబాయ్ మాట్లాడకుండా స్ట్రిప్పు జేబులో పెట్టుకున్నాడు.

ఇంకో సంగతి. సంకలో లింఫ్ గ్రంథులు తీసేటప్పుడు ఇంటర్‌కాస్టోబ్రేకియల్ అనే సన్న నరం తెగొచ్చు, నలగొచ్చు. పిన్నికి జబ్బ లోపలివైపు ముట్టుకుంటే మొద్దు, జాకెట్ రాసుకుంటే మాత్రం మంట. ఇట్లాంటి నరం మంటకి పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి డాక్టర్ చూసి రాస్తారు. వాటితో మగత, తల తిరుగుడు ఉంటాయి, ట్రమడాల్ తోడైతే ఊపిరి మందగించే రిస్కు కూడా ఉంది, ముఖ్యంగా వయసు మీదపడ్డవాళ్లకి. టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ తిరిగి రాకుండా ఇచ్చే గోలీ) వాడేవాళ్లు డిప్రెషన్‌కో, మంటకో కొత్త మందు మొదలెట్టే ముందు ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి, ఫ్లూక్సెటిన్, పారోక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు లివర్‌లో టామాక్సిఫెన్ పనికి అడ్డం పడతాయి.

ఈ గోలీలన్నీ ఊరికే పడుకోడానికి కాదు, భుజం బిగుసుకుపోకుండా చెయ్యి ఆడించాలి కదా. పిన్ని పొద్దున గోలీ వేసుకుని, అది ఎక్కాక గోడ మీద వేళ్లతో పైకి పాకిస్తది, ఆగిన చోట పెన్సిల్ గీత. నిన్నటి గీత క్యాలెండర్ మేకుకి బెత్తెడు కింద ఉంది.