బొగ్గు ఇంజన్‌కు రంగు వేస్తే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కాజీపేట చౌరస్తాలో చాయ్ తాగుతుంటే కుర్రాళ్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "సార్, పార్కుల నిలబెట్టిన ఆ బొగ్గు ఇంజన్‌కు మంచిగ పెయింట్ కొడితే మళ్ల నడుస్తదా?" నేను ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్లో ఖలాసీగా చేరి, బాయిలర్ పని నేర్చుకుని, తర్వాత డీజిల్ వైపు మారినవాణ్ణి. రిటైరయ్యాక రెండు మూడు చోట్ల పాత ఇంజన్లు బాగుచేసే పనిలో చేయి పెట్టాను. అడిగిన ప్రతివాడికీ చాయ్ చల్లారేదాకా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్రశ్న మా దగ్గర ఎక్కువగా వినిపించడంలో వింత లేదు. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా వచ్చింది, 1889 నాటికి బెజవాడ చేరింది. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసు బండ్లకు కాజీపేట దారి అయింది. మా వాడల్లో తాత ఫైర్‌మన్, తండ్రి ఫిట్టర్ అని చెప్పుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: జంగు గీకి రంగు వేస్తే ఇంజన్ బాగుపడినట్టే

రంగు వేసేది పైన. ఇంజన్‌ను తినేది లోపల ఉంటుంది.

బాయిలర్ మీద మనకు కనిపించే నున్నటి రేకు బాయిలర్ కాదు, దాని చొక్కా. రేకుకూ అసలు బాయిలర్‌కూ మధ్య వేడి బయటికి పోకుండా ల్యాగింగ్ ఉంటుంది. వాననీళ్లు రేకు అతుకుల్లోంచి దిగి ఆ ల్యాగింగ్‌ను తడిపేస్తాయి. అది తడిబట్ట చుట్టినట్టు నెలల తరబడి ప్లేటును అంటిపెట్టుకుని ఉంటుంది. పైన రంగు మెరుస్తుంటుంది, కింద ప్లేటు పొరలు పొరలుగా లేస్తుంటుంది. ఇంకో సంగతి, ఆ కాలపు ల్యాగింగ్ చాలావరకు ఆస్‌బెస్టాస్. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. "ముందు రేకు విప్పి చూద్దాం" అని ఉత్సాహపడే వాలంటీర్లకు నేను చెప్పే మొదటి మాట: ముట్టుకోకండి. ఆ పని తెలిసినవాళ్లు, తగిన మాస్కులతో, తడిపి తీయాలి. మా రోజుల్లో మేము ఉత్త చేతులతో పీకి పారేశాం. తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇక స్మోక్‌బాక్స్. పొగగొట్టం కింద ఉండే గుండ్రటి గది అది. చివరి ట్రిప్పు బూడిద చాలా ఇంజన్లలో అక్కడే ఉండిపోయింది. బొగ్గు బూడిదలో గంధకం ఉంటుంది, పొగగొట్టంలోంచి వాన పడుతుంది. రెండూ కలిస్తే ఆమ్లం తయారై అడుగు ప్లేటును నిదానంగా తినేస్తుంది. ఒక ఊళ్లో, పేరు చెప్పను, పిలిచారని వెళ్లాను. అంతకు కొన్ని వారాల ముందే నలుపు, ఎరుపు రంగులు వేసి రిబ్బన్ కట్ చేశారట. స్మోక్‌బాక్స్ అడుగున చిన్న సుత్తితో కొట్టి చూద్దామని తగిలించానో లేదో సుత్తి లోపలికి పోయింది. పక్కనున్న ఆఫీసరు నా వైపు చూసిన చూపు ఏమిటంటే, బొక్క పెట్టింది నేనే అన్నట్టు.

అపోహ: నీళ్లు పోసి, బొగ్గు వేసి, అంటిస్తే నడుస్తుంది

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ దాదాపు 15 పౌండ్ల ఒత్తిడి మీద విజిల్ వేస్తుంది. మన లైన్ల మీద తిరిగిన డబ్ల్యూపీ (ప్యాసింజర్), డబ్ల్యూజీ (గూడ్స్) రకం ఇంజన్ల బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. అంటే పద్నాలుగు రెట్లు. కుక్కర్‌లో పట్టేది గిన్నెడు నీళ్లు, ఇక్కడ టన్నుల కొద్దీ. ఆ నీళ్లు 200 డిగ్రీల దగ్గర ఉంటాయి. ప్లేటు ఎక్కడైనా తెగితే ఒక్కసారిగా ఆవిరిగా మారిపోతాయి.

బాయిలర్‌లో బలహీనమైన చోటు ఫైర్‌బాక్స్. నిప్పు ఉండే పెట్టె లోపల, దాని చుట్టూ నీళ్లు. లోపలి ప్లేటునూ బయటి ప్లేటునూ వందల కొద్దీ స్టే బోల్టులు పట్టి ఉంచుతాయి. ఒక స్టే తెగితే దాని భారం పక్క స్టేల మీద పడుతుంది, తర్వాత అవీ తెగుతాయి. పైకప్పు ప్లేటు మీద నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. తగ్గితే ఆ ప్లేటు ఎర్రగా కాలి మెత్తబడి లోపలికి కుంగుతుంది. అందుకే అక్కడ సీసం నింపిన ప్లగ్గు పెడతారు. నీళ్లు తగ్గితే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి, డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. ఏళ్లుగా నిలబెట్టిన ఇంజన్‌లో ఆ ప్లగ్గుల మీద పొర కట్టి ఉంటుంది. వాటిని నమ్మడానికి వీల్లేదు.

కాబట్టి వరస ఇదీ. ఫైర్‌బాక్స్ నుంచి స్మోక్‌బాక్స్‌కు వేడి పొగ పోయే ట్యూబులన్నీ లాగేయాలి. లోపల దీపం పెట్టి కళ్లతో చూడాలి. అల్ట్రాసోనిక్ మీటర్‌తో ప్లేటు మందం చోటుచోటా కొలిచి, డ్రాయింగులో ఉన్నదానితో పోల్చాలి. స్టేలను ఒక్కొక్కటే సుత్తితో తట్టాలి, తెగినదాని చప్పుడు వేరు. తర్వాత కొత్త ట్యూబులు, ఆ తర్వాత చన్నీళ్లతో హైడ్రాలిక్ టెస్టు. అందులో మామూలు ఒత్తిడి కంటే ఎక్కువే పెడతారు. ఇవన్నీ అయ్యాకే నిప్పు.

నీళ్లతోనే ఎందుకంటారా? నీళ్లు నొక్కితే నొక్కుకోవు. ప్లేటు చీలినా కాసిన్ని నీళ్లు చిమ్మి ఒత్తిడి పడిపోతుంది. గాలి అలా కాదు, బాంబులా పేలుతుంది. ఒక చోట యువ ఇంజనీరు ఒకాయన, తెలివైన కుర్రాడే, "అంకుల్, కంప్రెసర్ పెట్టి గాలి నింపి లీకులు చూద్దాం, ఈజీ కదా" అన్నాడు. రెండు చేతులెత్తి దండం పెట్టి ఆపాను.

నిప్పు కూడా మెల్లగా పెట్టాలి. చల్లటి బాయిలర్‌ను పూర్తి ఒత్తిడికి తేవడానికి ఒక రాత్రంతా తీసుకుంటే మంచిది. వేడికి బాయిలర్ పొడవు పెరుగుతుంది. అందుకే ముందు వైపు సిలిండర్ల దగ్గర బిగించి, వెనుక ఫైర్‌బాక్స్ వైపు జరగడానికి వీలుగా వదులుతారు. నిలబెట్టిన ఇంజన్లలో ఆ జరిగే చోట్లు జంగుతో, పదిసార్లు వేసిన పెయింటుతో అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడిపించకుండా వేడి చేస్తే ఆ బలమంతా రివెట్ల మీద పడుతుంది.

నీళ్ల సంగతీ చిన్నది కాదు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లపొర చూసే ఉంటారు. అదే పొర ట్యూబుల మీద కడితే వేడి నీళ్లకు అందదు, ఇనుము కాలిపోతుంది. షెడ్డులో లెక్కగా వాష్‌అవుట్, అంటే బాయిలర్ లోపల కడగడం, చేసేది అందుకే.

అపోహ: పక్కనే సింగరేణి ఉంది, బొగ్గుకేం కొదవ

ఈ మాటలో సగం నిజం ఉంది. సింగరేణి బొగ్గుతో ఏళ్ల తరబడి బండ్లు నడిచాయి. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ. డబ్ల్యూపీ, డబ్ల్యూజీలకు వెడల్పాటి ఫైర్‌బాక్స్ పెట్టింది ఇలాంటి బొగ్గును దృష్టిలో పెట్టుకునే. అంతకు ముందు తరం ఇంగ్లండు ఇంజన్ల ఇరుకు ఫైర్‌బాక్స్‌లో ఇదే బొగ్గు వేస్తే బూడిద కరిగి గడ్డకట్టిన క్లింకర్ గ్రేటును, అంటే నిప్పు కింది జాలీని, మూసేస్తుంది, ఆవిరి లేవదు. పైగా ఇంజన్‌కు పిడికిలంత, రెండు పిడికిళ్లంత ముక్కలు కావాలి. పిండిలా ఉంటే సగం పొగగొట్టంలోంచి ఎగిరిపోతుంది. ఈ రోజుల్లో ఎక్కువ బొగ్గు పోయేది పవర్ ప్లాంట్లకు, వాళ్లు ఎలాగూ దాన్ని పొడి చేసుకుంటారు. మన ఇంజన్ కోసం ఏరిన ముక్కలు కావాలంటే అడిగి, తిరిగి, బతిమాలాలి. బొగ్గు వేయడం తెలిసిన ఫైర్‌మన్ దొరకడం ఇంకా కష్టం.

అపోహ: స్పేర్ పార్టులు దొరకవు కాబట్టి అసాధ్యం

దొరకవన్నది నిజం. అసాధ్యం అన్నది కాదు. చిత్తరంజన్‌లోని రైల్వే ఇంజన్ల ఫ్యాక్టరీ ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆపేసింది, షాపులో కొనుక్కునే రోజులు అప్పుడే పోయాయి. కానీ తిరుచ్చి దగ్గర గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి లైను కోసం 2011 నుంచి కొత్త ఆవిరి ఇంజన్లే తయారు చేసింది. బ్రిటన్‌లో ఒక రకం ఇంజన్లన్నీ తుక్కుకు పోయాక, టోర్నడో పేరుతో ఆ రకానిది ఒకటి 2008లో కొత్తగా కట్టుకున్నారు. దాని బాయిలర్ మాత్రం జర్మనీలో చేయించారు.

కష్టం చేతుల దగ్గర ఉంది. ఒక వాల్వు బాడీ పోత పోయాలంటే ముందు చెక్కతో నమూనా చేయాలి. పోత ఇనుము చల్లారితే దాదాపు 1 శాతం కుంచించుకుపోతుంది, అంత పెద్దదిగా చెక్కాలి. ఈ లెక్క తెలిసిన వడ్రంగులు ఎక్కడో ఒకరు. రివెట్ కొట్టడానికి ఒకరు కొలిమిలో కాల్చాలి, ఒకరు లోపల్నుంచి దన్ను పట్టాలి, ఒకరు బయట సుత్తి ఆడించాలి. రివెట్ రంగు చూసి "ఇప్పుడు" అనే మనిషి లేకపోతే ముగ్గురూ దండగే. ఇక రాత్రిపూట మాయమయ్యే ఇత్తడి గేజీలు, రాగి పైపులు, బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్ల లెక్క వేరు. పార్కులో పెట్టిన మొదటి ఏడాదే అవి పోతాయి.

అపోహ: కొత్త భాగాలు వేస్తే అది పాత ఇంజన్ కాదు

షెడ్డులో పనిచేసినవాళ్లకు నవ్వొస్తుంది. ఓవర్‌హాల్‌కు వెళ్లిన ఇంజన్ తన బాయిలర్‌తోనే తిరిగి రావాలని లేదు. సిద్ధంగా ఉన్న ఇంకో బాయిలర్ ఎక్కించి పంపేవాళ్లు. చక్రాలను తిప్పే కడ్డీల మీద కొట్టిన నంబర్లు చూడండి, ఒకే ఇంజన్ మీద రెండు మూడు ఇంజన్ల నంబర్లు కనిపిస్తాయి. విప్పే ముందు ఆ నంబర్లన్నీ ఫొటో తీసి రాసుకోండి, అంతే.

అపోహ: కదపకుండా ఉంచితే ఎక్కువ కాలం ఉంటుంది

నడిచే ఇంజన్ అరుగుతుంది, నిలబడిన ఇంజన్ కుళ్లుతుంది. నూనె పెట్టెల్లోకి నీళ్లు చేరి ఇరుసుల మీద గుంటలు పడతాయి. కాంక్రీటు దిమ్మె మీద చక్రాల చుట్టూ సిమెంటు పోస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుంది, ప్రతి వానకూ అక్కడ నీళ్లు నిలుస్తాయి. కంకర, కిందికి నీళ్లు పోయే దారి ఉంటే చాలు.

అలాగని ప్రతి ఇంజన్‌నూ నడపాలనే వాణ్ణి కాను. 1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే ఇంజన్‌ను 1997లో మళ్లీ పట్టాలెక్కించారు, బాగానే ఉంది. కానీ నడపడమంటే మార్చడమే. ఒక రకానికి మిగిలింది ఒక్కటే అయి, దాని ఫైర్‌బాక్స్ మొదటిదే అయితే నేను దాన్ని ముట్టను. కప్పు కిందికి చేర్చి, బూడిద తీసి, బాయిలర్ ఆరబెట్టి, డ్రెయిన్ ప్లగ్గులు విప్పి వదిలేస్తాను.

కప్పు వేయడానికి డబ్బు లేదంటే కనీసం వానాకాలం ముందు పొగగొట్టానికి ఒక రేకు మూత పెట్టండి. సుత్తి లోపలికి పోయిన ఆ ఇంజన్ దగ్గరా ఇదే చెప్పాను, కాగితం మీద కొలతలు కూడా రాసిచ్చాను. రెండు వానాకాలాలు అయ్యాయి. మొన్న అటువైపు పోతూ ఆగి చూస్తే రంగు మళ్లీ వేశారు. పొగగొట్టంలో పావురాలు గూడు పెట్టాయి.