సిస్టర్లు స్టెతస్కోపు పట్టుకోవడం వెనక ఇంత కథ ఉందా? డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ గురించి

మన కడప జిల్లాలో గానీ, కర్నూలు, అనంతపురం దిక్కు గానీ కొన్ని పల్లెల్లో చర్చి పక్కనే సిస్టర్లు నడిపే చిన్న ఆస్పత్రి గది ఉంటుంది. ముందర ఒక బెంచీ, లోపల బీపీ మిషను, అల్మారా నిండా మాత్రలు, అంతే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం కాబట్టి అదేదో ఎప్పుడూ ఉన్నట్టే అనుకుంటాం. కానీ వందేళ్ల కిందట ఒక కతోలిక సిస్టరు డాక్టరుగా పనిచేయడానికి చర్చి చట్టమే ఒప్పుకునేది కాదు, ఈ మాట చెప్తే మా విచారణలో, అంటే మా గుడి కిందికొచ్చే కతోలికుల్లో, శానామంది నమ్మలేదు. గుంటూరులో పనిచేసిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీని 2013లో దైవసేవకురాలిగా, అంటే పునీతురాలు కావడానికి మొదటి మెట్టుగా, ప్రకటించినాక ఆమె పేరు మన గుళ్లలో కూడా అప్పుడప్పుడూ వినపడుతోంది, ఎవరామె, ఏం చేసింది అని అడిగేవాళ్లు ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఆ రూలు సంగతి. గురువులు, అంటే ఫాదర్లు, కత్తి పట్టుకుని ఆపరేషన్లు చేయకూడదని 1215లో రోమ్‌లో జరిగిన లాతరన్ మహాసభ నాటికే నిషేధం ఉంది. 1917లో వచ్చిన చర్చి చట్టంలో కూడా రోమ్ నుంచి, అంటే పోపు గారి నుంచి, ప్రత్యేక అనుమతి లేకుండా గురువులు వైద్యం, శస్త్రచికిత్స చేయకూడదని రాశారు, మఠాల్లో ఉండేవాళ్లకూ అదే వర్తించింది. అంటే సిస్టరు రోగికి గంజి తాపొచ్చు, కట్టు కట్టొచ్చు, పక్కన కూర్చోవచ్చు, డాక్టరుగా ప్రాక్టీసు మాత్రం చేయకూడదు. కాన్పు చేయడమైతే ఇంక మాట్లాడే పనే లేదు, అది కన్యస్త్రీకి తగిన పని కాదనేవాళ్లు.

ఈ రూలు వల్ల నష్టపోయింది ఎవరంటే మన దేశంలో ఆడోళ్లు. ఘోషా ఇండ్లలోనే కాదు, మామూలు రైతు ఇండ్లలో కూడా మగ డాక్టరు ముట్టుకునేదానికి ఒప్పుకునేవాళ్లు కాదు. మా జేజి చెప్పేది, ఆమె అక్కకు బిడ్డ అడ్డం తిరిగి మంత్రసాని చేతులెత్తేస్తే, టౌనుకు బండి కట్టాలా వద్దా అని పెద్దోళ్లు వాకిట్లో కూర్చుని పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారంట, ఆడ డాక్టరమ్మ ఉందంటే అప్పుడే పంపేవాళ్లం అన్నారంట. బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. ఇట్లాంటి కథ సీమలో ప్రతి పాత ఇంట్లోనూ ఒకటి ఉంటుంది.

ఒకటి ఒప్పుకోవాలి, ఈ విషయంలో ప్రొటెస్టెంట్ మిషన్లు మన కంటే శానా ముందున్నాయి. గుంటూరుకు లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కూగ్లర్ 1883లోనే వచ్చారు. మన జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఉంది కదా, అదీ ఆ తరం నాటిదే. కతోలికుల్లో చదువుకున్న ఆడ డాక్టర్లు ఉన్నా వాళ్లు సిస్టర్లు కాకూడదు, సిస్టర్లయితే డాక్టర్లుగా ఉండకూడదు, చిక్కంతా అక్కడే.

ఈ చిక్కు విప్పడానికి మొదట తిరిగినామె స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్. అరవై దాటినాక కతోలిక విశ్వాసంలోకి వచ్చి, డెబ్బై దాటినాక రావల్పిండిలో ఆడోళ్ల కోసం ఆస్పత్రి పెట్టించింది. సిస్టర్లకు వైద్యం చేసే అనుమతి ఇవ్వండి అని రోమ్‌కు ఎన్నోసార్లు మొరపెట్టుకుంది. అనుమతి రాకుండానే 1913లో కన్నుమూసింది. కానీ ఆమె గురించి వేసిన ఒక చిన్న పుస్తకం 1915లో ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఉన్న ఒక యువ డాక్టరు చేతికి చేరింది. ఆమే మేరీ గ్లౌరీ.

గ్లౌరీ 1887లో విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊర్లో పుట్టింది, స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని 1910లో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మెడిసిన్ పాసయింది. ఆ రోజుల్లో మెల్‌బోర్న్ ఆస్పత్రుల్లో ఆడోళ్లకు రెసిడెంట్ పోస్టు దొరకడమే కష్టం కాబట్టి న్యూజిలాండ్ పోయి చేసింది. తర్వాత తిరిగొచ్చి కంటి వైద్యంలో, స్త్రీల వైద్యంలో మంచి పేరు తెచ్చుకుంది, పెద్ద డాక్టర్లుండే కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు పెట్టింది. 1916లో అక్కడి కతోలిక మహిళా సంఘానికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే. ఇండియాలో తల్లులు, పసిబిడ్డలు వైద్యం అందక చనిపోతున్నారని ఆ పుస్తకంలో చదివి, మోకాళ్ల మీద పడి ప్రార్థించి, నా పని అక్కడే అని నిర్ణయించుకుంది. అయితే ఆ ఊపులో వెంటనే ఓడెక్కేయలేదు, నాకు ఈమెలో నచ్చేది ఇదే, ఇండియాలో ఏ చదువు పనికొస్తుందో అదే పట్టుకుని 1919లో ఎండీ పూర్తి చేసింది, కాన్పులు, స్త్రీల జబ్బులు, కళ్లు, ఈ మూడిట్లో. 1920 మొదట్లో గుంటూరులో దిగింది. అక్కడ హాలెండ్ నుంచి వచ్చిన జేఎంజే సిస్టర్లు, అంటే యేసు మరియ జోజప్ప సభ సిస్టర్లు, అప్పటికే పనిచేస్తున్నారు. వాళ్ల మఠంలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయింది. పదిహేనో బెనెడిక్ట్ పోపు గారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు, సిస్టరుగా ఉంటూనే డాక్టరుగా పనిచేయొచ్చని. ప్రపంచంలోనే మొదటి డాక్టర్ సిస్టర్ మిషనరీ అని ఆమెను చెప్తారు.

చిన్న డిస్పెన్సరీగా మొదలైంది గుంటూరు సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రిగా పెరిగింది. శానా ఏళ్లు అక్కడ డాక్టరంటే ఆమె ఒక్కతే. ఆమె చేతి మీదుగా లక్షల మంది వైద్యం చేయించుకున్నారు. ఒక్క మనిషి ఎంత చేసినా గుంటూరు దాటి ఎంత దూరం పోతుంది? అందుకే ఆమె ఇక్కడి ఆడపిల్లలకే కాంపౌండరు పని, నర్సు పని, కాన్పులు చేసే పని నేర్పించింది. నా దృష్టిలో ఆమె చేసిన అన్ని పనుల్లోకీ ఇదే పెద్దది, ఎందుకంటే పెద్ద డాక్టరు ఊరికి రాలేదు, నేర్చుకున్న పిల్ల రాగలదు, బాలింతకు ఎప్పుడు జ్వరమొస్తే భయపడాలో, బొడ్డు కోసే కత్తెర ఎంతసేపు ఉడకబెట్టాలో చెప్పగలదు.

ఇంతలో రూలు కూడా మారింది. ఆస్ట్రియాకు చెందిన డాక్టర్ అన్నా డెంగెల్ రావల్పిండిలో మెక్‌లారెన్ పెట్టిన ఆస్పత్రిలోనే పనిచేసి, తర్వాత 1925లో వైద్యం కోసమే ఒక సిస్టర్ల సభ స్థాపించింది, రోమ్‌ను వదలకుండా అడిగింది. 1936 ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండగ రోజు, సిస్టర్లు వైద్యం చేయొచ్చు, కాన్పులు కూడా చేయొచ్చు, అందుకు సరైన చదువు చదవాలి అని రోమ్ నుంచి ఆదేశం వచ్చింది. గ్లౌరీకి ఒక్కదానికి దొరికిన అనుమతి అప్పుడు అందరికీ దారి అయింది.

1943లో గ్లౌరీ మరి కొంతమంది సిస్టర్లతో కలిసి కతోలిక ఆస్పత్రుల సంఘం పెట్టింది. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఆఫీసున్న కతోలిక హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అదే, పెద్ద ఆస్పత్రుల నుంచి పల్లెల్లో గదుల దాకా దేశమంతా మూడు వేలకు పైగా సంస్థలు అందులో ఉన్నాయి. కతోలికులకు ఒక మెడికల్ కాలేజీ ఉండాలని కూడా ఆమె ఆశ. అది ఆమె చూడలేదు, క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగళూరులో చనిపోయింది. 1963లో అదే బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది. అనంతపురం, కదిరి, రాయచోటి దిక్కు నుంచి పెద్ద జబ్బొస్తే బస్సెక్కి సెయింట్ జాన్స్‌కు పోయేవాళ్లకు ఇది తెలిసుండాలి అనిపిస్తుంది నాకు.

గుంటూరు కథకూ మన కడపకూ సంబంధం ఏంటి అంటారేమో. ఆమె పని ఊపందుకున్న రోజుల్లో గుంటూరూ కడపా ఒకే మేత్రాసనం, అంటే ఒకే బిషప్పు గారి పరిధి, కింద ఉన్నాయి, నెల్లూరు కింద. 1940లో గుంటూరు వేరయింది, కర్నూలు మేత్రాసనం 1967లో, కడప 1976లో వచ్చాయి.

ఇప్పుడు 108 ఉంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీ ఉంది, కడపలో రిమ్స్ ఉంది, కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి, మంచిదే. సిస్టర్ల గదిలో పని మాత్రం బీపీ, షుగరు, ఒంటరిగా ఉండే ముసలోళ్ల వైపు తిరిగింది. మా బంధువు ఒకామె స్వస్థత కూడికకు పోయొచ్చి, దేవుడు బాగుచేశాడు అని షుగరు మాత్రలు మానేసింది, కాలి వేలికి పుండు పడి ఊరు సిస్టరు దగ్గరికి పోతే ఆమె ముందు వేలికి సూది గుచ్చి షుగరు చూసింది, కట్టు కట్టింది, “మాత్ర ఏసుకో పెద్దమ్మా, దేవుడు వద్దన్లేదు” అనింది, ఆ తర్వాతే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ప్రార్థన మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, ప్రతి ఆదివారం పూజకు పోయేదాన్నే. కానీ మందు మానేయమనే ప్రార్థనకు మన సిస్టర్ల చరిత్రలో చోటు లేదు, వాళ్లు రోమ్‌ను అన్నేళ్లు అడిగింది మందు ఇచ్చేదానికే.

1993 నుంచి ఫిబ్రవరి 11నే ప్రపంచ రోగుల దినం చేస్తున్నారు, మన విచారణల్లో కూడా ఆ రోజు రోగుల కోసం పూజ పెడతారు. ఆ పూజ అయిపోతూనే గుడి వాకిట్లోనే బీపీ, షుగరు, కంటి పరీక్షల క్యాంపు పెట్టి, ఒక పది నిమిషాలు మైకులో మేరీ గ్లౌరీ కథ చెప్పమని మా ఫాదర్ గారిని అడగబోతున్నా, మీ విచారణలో మీరూ అడగండి.